ఈత పోటీల్లో ఉద్వేగ నిర్వహణ: సాత్త్విక భావాల వెలుగులో ఒక పరిశీలన

ముఖ్యపదాలు: ఈత, ఉద్వేగం, సాత్త్విక భావాలు, స్థాయి, దృష్టి, సాధన

1. ప్రవేశిక

ఈత పోటీలో పాల్గొనే క్రీడాకారులకు ప్రత్యర్థి కంటే ముందు ఎదురయ్యేది తమ శరీరమే. పందెం పిలుపు కోసం వేచి ఉండే కొద్ది నిమిషాల్లో గుండె వేగం పెరుగుతుంది. అరచేతులు చెమరుస్తాయి, కాళ్లు వణుకుతాయి. దీనిని బలహీనతగా ఎంచి అణచివేయబోతే ఒత్తిడి మరింత పెరిగే ప్రమాదం ఉంది. ఉద్వేగం తొలగించుకోవలసినది కాదనీ, సరైన అర్థం చెప్పుకొని పనిలో పెట్టుకోదగినదనీ ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు ఆధునిక మనోవిజ్ఞానంతో పాటు నాట్యశాస్త్రంలోని సాత్త్విక భావాల చర్చను ఆధారంగా స్వీకరిస్తున్నాను.

2. ఈతకు ప్రత్యేకమైన ఒత్తిడి

ఆటల్లో ఆరంభపు తడబాటును సరిదిద్దుకునే వ్యవధి సాధారణంగా ఉంటుంది. తక్కువ దూరపు ఈతలో ఆ వ్యవధి అరుదు. సంకేతానికి ముందే దూకితే అనర్హతే. 2004 ఆస్ట్రేలియా ఒలింపిక్ ఎంపిక పోటీల్లో, 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఒలింపిక్ విజేత ఇయాన్ థోర్ప్ అదే పందెంలో ఆరంభ వేదికపై తూలి నీటిలో పడి అనర్హుడయ్యాడు. సహచరుడు క్రెయిగ్ స్టీవెన్స్ తన స్థానాన్ని వదులుకోవడంతో అవకాశం పొంది, ఏథెన్స్‌లో స్వర్ణం గెలిచాడు. తూలడానికి కారణం ఏదైనా, ఒక్క క్షణానికి ఈతలో ఎంత విలువ ఉందో ఈ ఘటన తెలుపుతుంది.

రెండవ విశేషం శ్వాస. పరుగు పందెంలో కావలసినప్పుడల్లా ఊపిరి తీసుకోవచ్చు. ఈతలో శ్వాస బారల లయకు కట్టుబడి ఉంటుంది. ఉద్వేగంతో ఊపిరి పైపైన ఆడి, భుజాలు బిగుసుకుంటే ఆ లయ దెబ్బతింటుంది.

3. ఒకే లక్షణం, వేర్వేరు భావాలు

స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనే ఎనిమిదింటిని భరతుడు సాత్త్విక భావాలుగా పేర్కొన్నాడు. వీటిలో వేపథువు, అంటే వణుకు, భయం వల్లనూ హర్షం వల్లనూ కలుగుతుంది. స్వేదం, రోమాంచం కూడా అటువంటివే. లక్షణం సామాన్యం, దానికి అర్థాన్నిచ్చేది స్థాయి. స్థాయి భయమైతే భయానకం, ఉత్సాహమైతే వీరం.

2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాలు ఈ అవగాహనకు దగ్గరగా ఉన్నాయి. ఉపన్యాసం, గణితం వంటి పనులకు ముందు శాంతించడానికి ప్రయత్నించినవారి కంటే, తమ ఉద్వేగాన్ని ఉత్సాహంగా మలచుకున్నవారు మెరుగ్గా రాణించారు. ఇవి ఈతగాళ్లపై జరిగిన ప్రయోగాలు కావు. అయినా వణుకును ‘భయం’ అనక ‘సన్నద్ధత’ అని పిలుచుకోవడంలోని ప్రయోజనాన్ని సూచిస్తున్నాయి.

4. దృష్టికి పని అప్పగించడం

పేరు మార్చడం ఒక్కటే చాలదు, మనసుకు పని ఉండాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో మైకేల్ ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీరు చేరింది. చూపు ఆనని స్థితిలో అతడు బారలు లెక్కపెట్టుకుంటూ ఈది, 1 నిమిషం 52.03 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. కొలను పొడవుకు తనకెన్ని బారలు పడతాయో అతనికి ముందే తెలుసు. అవాంతరాలతో సహా పందేన్ని మనసులో పదేపదే చూసుకునే అలవాటును శిక్షకుడు బాబ్ బౌమన్ ఏనాడో చేయించాడు. ఆపదలో ఆదుకున్నది అప్పటికప్పుడు పుట్టిన ధైర్యం కాదు, ముందే చేసిన సాధన.

5. ఆచరణ

విద్యార్థులను పోటీలకు సిద్ధం చేసే అధ్యాపకులు మూడు అంశాలను అలవాటు చేయించవచ్చు. మొదటిది, పందేనికి ముందు ఊపిరి తీసుకున్న దానికంటే నెమ్మదిగా విడవడం. రెండవది, సాధన రోజుల్లోనూ పోటీ రోజునా సన్నాహక క్రమాన్ని ఒకేలా పాటించడం. మూడవది, పతకం గురించి కాక, తొలి బార లేదా మలుపు వంటి ఒక్క పనిపై దృష్టి నిలపడం. పందెం ముందు పెద్దలు పతకాల ప్రస్తావన మానడం కూడా ఇందులో భాగమే.

6. ముగింపు

‘ఈతకు మించిన లోతు లేదు’ అన్నది తెలుగు సామెత. ఈదక తప్పని లోతు వచ్చాక, ఆపై ఎంత లోతైనా ఈత ఒక్కటే. పోటీ స్థాయి పెరిగినా ఈతగాడు చేయవలసిన పని మారదు. ఆ ఎరుక కలిగినప్పుడు వణుకు ఆగకపోవచ్చు, కాని అది భయానకాన్ని వీడి వీరం వైపు నడుస్తుంది.