కాంటర్బరీలో నూరు పడకల బస

ఇంగ్లండ్ ఆగ్నేయ భాగంలోని కాంటర్బరీ నగరంలో, ప్రధాన వీథి నుంచి కెథడ్రల్ వైపు, అంటే ఆర్చిబిషప్ పీఠమున్న మహా దేవాలయం వైపు, మళ్లే మెర్సరీ లేన్ అనే ఇరుకు సందు మొగలో, 14వ శతాబ్ది చివర ‘చెకర్ ఆఫ్ ది హోప్’ అనే పెద్ద పూటకూళ్ల ఇల్లు వెలిసింది. డబ్బు పుచ్చుకుని యాత్రికులకు తిండీ, పడకా, గుర్రాలకు కొట్టమూ సమకూర్చే ఇటువంటి విడుదులు నాటి ఇంగ్లండ్‌లో ఊరూరా ఉండేవి గానీ, దీనిని కట్టించింది వ్యాపారి కాదు, సన్యాసులు; కెథడ్రల్‌ను నిర్వహించే క్రైస్ట్ చర్చ్ ప్రయరీ అనే మఠం తన సొంత ధనంతో దీనిని నిర్మించింది.

సన్యాసులు ఈ పనికి ఎందుకు పూనుకున్నారో తెలియాలంటే రెండు శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి. 1170 డిసెంబరు 29న ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను రాజు రెండవ హెన్రీ కొలువులోని నలుగురు వీరులు కెథడ్రల్ లోపలే నరికి చంపారు. మూడేళ్లు తిరక్కుండానే పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించగా, 1220లో ఆయన అస్థికలను బంగారమూ రత్నాలూ పొదిగిన మందిరంలోకి మార్చారు. అప్పటి నుంచి కాంటర్బరీ యూరప్‌లోని పెద్ద యాత్రాస్థలాలలో ఒకటైంది. యాభై ఏళ్లకొకసారి జరిగే జూబిలీ ఉత్సవానికైతే జనం పోటెత్తేవారు. పేద యాత్రికులకు ఈస్ట్‌బ్రిడ్జ్ ధర్మశాలలో ఉచితంగా చోటు దొరికేది కానీ, 1342 నాటి నిబంధన ప్రకారం ఆరోగ్యంగా ఉన్నవారు అక్కడ ఒక్క రాత్రి మాత్రమే గడపాలి. చేతిలో నాలుగు డబ్బులున్న మధ్యతరగతి యాత్రికులకు చాలినన్ని బసలు కావలసి వచ్చింది.

ఆ అవసరాన్ని గుర్తించినవాడు మఠాధిపతి థామస్ చిలెండెన్. కెథడ్రల్ ప్రధాన మంటపాన్ని కొత్తగా కట్టించే బృహత్కార్యం సాగుతున్న కాలంలోనే, 1392 నుంచి 1395 వరకు, ఆయన చెకర్‌ను నిర్మింపజేశాడు. దీనికి 800 పౌండ్లకు పైగా ఖర్చయింది. ఆ రోజుల్లో పనితనం గల తాపీ మేస్త్రీ రోజుకూలి ఐదారు పెన్నీలు, పౌండుకు 240 పెన్నీలు కనుక, ఈ సొమ్ము అటువంటి మేస్త్రీ ముప్పై వేల రోజుల కూలిని మించుతుంది. భక్తి మీద బతికే మఠం ఇంత పెట్టుబడి పెట్టడం నేటి పాఠకుడికి వింతగా తోచినా, ఆలయ నిర్వహణకు నిలకడైన అద్దెలు అవసరమన్న చిలెండెన్ ముందుచూపును తప్పుపట్టలేం. కట్టడం తీరులోనే ఆ ఆలోచన కనబడుతుంది: వీథి వైపు కింది అంతస్తులో రాతి కమానుల కింద అంగళ్లు, వాటిపైన వీథిలోకి ముందుకు పొడుచుకు వచ్చిన కలప అంతస్తులు, వెనుక లోగిలి. పైనున్న పెద్ద పడకశాలను ‘నూరు పడకల శాల’ అని తరతరాలుగా చెప్పుకున్నారు; ఒకే పడకను ముక్కూమొహం తెలియని ఇద్దరు ముగ్గురు పంచుకోవడం నాడు మామూలే.

ఈ బసలోని జీవితం ‘టేల్ ఆఫ్ బెరిన్’ అనే 15వ శతాబ్ది కావ్యపు ప్రవేశికలో సజీవంగా కనిపిస్తుంది. ఆంగ్ల కవి చాసర్ తన ‘కాంటర్బరీ కథలు’లో కాంటర్బరీకి బయలుదేరిన యాత్రికులను దారిలోనే వదిలేయగా, పేరు తెలియని ఈ కవి వారిని నగరానికి చేర్చి చెకర్‌లో దింపాడు. మందిర దర్శనం అయ్యాక వారు యాత్ర గుర్తుగా తగిలించుకునే లోహపు బిళ్లలు కొంటారు, కొందరు వాటిని కాజేస్తారు కూడా. వీరుడు నగర ప్రాకారాన్ని పరిశీలించడానికి బయలుదేరితే, స్త్రీలిద్దరు బసలోని మూలికల తోటలో కబుర్లలో పడతారు. పాపక్షమాపణ పత్రాలు అమ్ముకునే పార్డనర్ మాత్రం బసలో మద్యం వడ్డించే కిట్‌ను వలలో వేసుకోబోయి తానే మోసపోయి, దెబ్బలు తిని, రాత్రంతా కుక్క పక్కన నక్కి గడుపుతాడు. మఠం లెక్కల పుస్తకాల్లో దొరకని వాసన, అలికిడి ఈ పద్యాలలో ఉన్నాయి. ఈ కథ ఒకే ఒక్క రాతప్రతిలోనైనా మిగలడం చరిత్రకారుల అదృష్టం.

1538లో ఎనిమిదవ హెన్రీ ఆజ్ఞపై బెకెట్ మందిరాన్ని పడగొట్టి, అందులోని నిధిని ఖజానాకు తరలించారు; ప్రార్థన పుస్తకాలలో ఆయన పేరును కూడా కొట్టివేయించారు. 1540లో మఠమే రద్దయింది. యాత్రికుల రాక నిలిచిపోవడంతో అంత పెద్ద విడిదికి పని లేకుండా పోయింది. కాలక్రమంలో అది విడివిడి ఇళ్లుగా, అంగళ్లుగా చీలిపోయింది. 1865లో అగ్నిప్రమాదం ఆ కట్టడంలో చాలా భాగాన్ని కాల్చివేసింది గానీ, చెకర్‌కు ప్రాణం పోసిన యాత్ర ఆగిపోయి అప్పటికే మూడు శతాబ్దాలు దాటింది. మెర్సరీ లేన్ మూలన మిగిలిన కొంత భాగంలో ఇప్పటికీ రాతి కమానులూ వాటిపైన ముందుకు వంగిన కలప అంతస్తులూ చూడవచ్చు. బర్గేట్ వీథిలో అదే మఠం 15వ శతాబ్దిలో కట్టించిన ‘బుల్’ బస కూడా అంగళ్లుగా మారి నిలిచి ఉంది కనుక, చెకర్ లోగిలి ఎలా ఉండేదో ఊహించదలచినవారు ఆ రెండింటినీ కలిపి చూడాలి.