గుల్ల కాలితే సున్నం, సున్నం ఆరితే మళ్ళీ గుల్లే

భౌతిక మార్పును వెనక్కి తిప్పగలం, రసాయనిక మార్పును తిప్పలేం. బడిలో ఈ ముక్క బట్టీపట్టనివారు తక్కువ. మార్కులు తెచ్చిపెట్టే ఈ సూత్రం తాడేపల్లిగూడెంలో ఏ రైసు మిల్లు గుమ్మం దగ్గరైనా తడబడుతుంది. ధాన్యం మర ఆడితే ఊక ఒక పక్క, తవుడు ఒక పక్క, బియ్యమూ నూకా మరో పక్క రాలతాయి. వాటన్నిటినీ కలిపి ఒక్క వడ్లగింజ చేయడం ఎవరి తరమూ కాదు. అయినా అది భౌతిక మార్పే. పిండిపదార్థం పిండిపదార్థంగానే ఉంది; విడిపోయిందే తప్ప వేరొకటి కాలేదు.

ఇప్పుడు సున్నం సంగతి చూడండి. చేపల చెరువుల్లో చల్లేదీ, పాత గోడలకు వెల్ల వేసేదీ అదే. నత్తగుల్లలైనా సున్నపురాయైనా ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి 100 కిలోల కార్బొనేట్ కాలితే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా పోయి, 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. ఆ గడ్డమీద నీళ్ళు పోస్తే ముందు గుటుక్కున పీల్చుకుంటుంది. తర్వాత బుసకొట్టి, పగుళ్ళిచ్చి, ఆవిరి చిమ్ముతూ తెల్లటి పొడిగా విచ్చుకుంటుంది. కింద నిప్పు లేదు! ఆ 56 కిలోలు 18 కిలోల నీటిని తమలో కట్టేసుకుని 74 కిలోల కొత్త పదార్థమయ్యాయి. ఎన్నాళ్ళు ఎండబెట్టినా ఆ నీరు విడిపోదు. అదే గోడకెక్కాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పట్టుకుని, నీటిని వదిలి, తిరిగి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. మూడూ రసాయనిక మార్పులే, అయినా బయల్దేరిన చోటికే చేరింది. కాబట్టి అడగాల్సింది వెనక్కి వస్తుందా అని కాదు, కొత్త పదార్థం పుట్టిందా అని.

వేడి పుడితే రసాయనిక మార్పేనని గుర్తుపట్టొచ్చు కదా అంటారేమో. ఏలూరు వైపు ఐసు ఫ్యాక్టరీలే దానికి జవాబు. అమ్మోనియా పేరు వినగానే రసాయనం అనుకుంటాం; గొట్టాల్లో అది చేసేదల్లా ద్రవం నుంచి వాయువుగా, వాయువు నుంచి ద్రవంగా మారుతూ తిరగడమే. ఒకచోట చలి, ఇంకోచోట వేడి. కొత్త పదార్థం ఎక్కడా లేదు. ఐసు కరగడమూ అంతే. గ్రాము ఐసు కరగడానికి సుమారు 80 కేలరీల వేడి లాక్కుంటుంది. కైకలూరు, ఆకివీడు నుంచి కోల్‌కతా వెళ్ళే చేపను కాపాడేది ఆ కరగడమే. చేప కుళ్ళడం మాత్రం అసలుసిసలు రసాయనిక మార్పు: ఎంజైములు, బ్యాక్టీరియా మాంసకృత్తులను విరగ్గొట్టి కంపుకొట్టే కొత్త పదార్థాలు పుట్టిస్తాయి. ఐసు దాన్ని ఆపలేదు, మందగింపజేస్తుంది. ఒక మార్పును ఇంకో మార్పు మీద కాపలా పెట్టడమన్నమాట.

ఇంతా చేసి గీత ఎక్కడా చెరగదని చెప్పలేం. ఉప్పుడు బియ్యం కోసం ధాన్యాన్ని నానబెట్టి ఆవిరి పట్టిస్తే లోపలి పిండి ఉబ్బి, గింజ గట్టిపడి, రంగు కాస్త తిరుగుతుంది. పిండి చాలావరకు పిండే, దాని అమరిక మాత్రం మునుపటిది కాదు. నన్నడిగితే దీన్ని ఏదో ఒక గదిలోకి బలవంతంగా తోయక్కర్లేదు. సున్నం విషయంలో ఆ సందేహం లేదు. నీళ్ళు పోసేవారి కళ్ళకు అద్దాలుండేలా చూడండి, కంట్లో పడితే ధారాళంగా నీటితో కడుగుతూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.