రిషివ్యాలీ: లోయలో పుట్టి పల్లెబడికి చేరిన చదువు

మదనపల్లెకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, రాతిగుట్టల నడుమ రిషివ్యాలీ పాఠశాల ఉంది. దీన్ని నెలకొల్పిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలోనే పుట్టారు. 1920లలో ఈ లోయలోని ఒక పెద్ద మర్రిచెట్టును చూసి ఆయన బడికి చోటు ఎంచుకున్నారని చెబుతారు. మద్రాసు గిండీలో నడుస్తున్న బడి 1931లో ఇక్కడికి తరలివచ్చింది. తొలి ప్రధానోపాధ్యాయుడు జి.వి. సుబ్బారావు.

తనను జగద్గురువుగా నిలబెట్టడానికి ఏర్పడిన సంస్థను కృష్ణమూర్తి 1929లో తానే రద్దు చేశారు. ఎవరి మాటనూ గుడ్డిగా నమ్మకూడదన్న ఆ పట్టుదలే ఈ బడికీ పునాది. భయం ఉన్నచోట చదువు అబ్బదని ఆయన గట్టిగా చెప్పేవారు. అందుకే పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చడానికి ఇక్కడ తావివ్వలేదు. చిన్న తరగతులకు పరీక్షలు లేవు. సాయంత్రం పిల్లలు మౌనంగా కూర్చుని సూర్యాస్తమయాన్ని చూసే అలవాటుకు ‘అస్తాచల్’ అని పేరు.

1950లో ప్రిన్సిపాల్‌గా వచ్చిన గోర్డన్ పియర్స్ 1958 వరకు బడిని గట్టిపరిచారు. తర్వాతి దశాబ్దాల్లో మొక్కలు నాటి, వాననీటిని నిలిపి, బోడి నేలను పచ్చబరిచారు. పక్షులు తిరిగివచ్చాయి, 1991లో లోయను పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు.

అయితే ఫీజు కట్టగల ఇళ్ల పిల్లలు ఇంగ్లిషులో చదివే ఈ బడి వల్ల చుట్టుపక్కల పల్లెలకు ఒరిగిందేమిటి? ఈ బడికి అనుబంధంగా 1980లలో జోరందుకున్న గ్రామీణ విద్యా కేంద్రమే దీనికి జవాబు. ఒకే గది, ఒకే పంతులు, నాలుగైదు తరగతులు: పల్లెబడి కష్టమంతా అక్కడే ఉంది. ఆ కేంద్రంలో పనిచేసిన పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని నిచ్చెన మెట్లలా వరుస పెట్టారు. ఏ మెట్టు మీద ఉన్నదీ పిల్లవాడే చూసుకుని తన కార్డు తీసుకుంటాడు. కొన్ని పంతులు దగ్గర, కొన్ని తోటివారితో, కొన్ని ఒంటరిగా నేర్చుకుంటాడు. పది రోజులు బడి మానినా, తిరిగి వచ్చాక ఆగిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. కోతల కాలంలో పొలానికి వెళ్లే పిల్లలకు ఇంతకంటే దయగల ఏర్పాటు లేదు.

ఈ పద్ధతి చూసి వెళ్లిన మైసూరు జిల్లా టీచర్లు 1990లలో కన్నడంలో ‘నలి-కలి’ అనే బోధనా పద్ధతిని రూపొందించారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు కూడా దీన్ని తమకు తగ్గట్టు మలచుకున్నాయి.