815 మిల్లీమీటర్ల తగువు

మా అక్క వాళ్లది ఆళ్లగడ్డ. అక్క కూతురు నంద్యాలలో చదువుతోంది. రోజూ నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చి, సాయంత్రం మళ్లీ అంత దూరం పోతుంది. కాలేజీ అయ్యాక మా ఇంట్లో ఇన్ని టీనీళ్లు తాగి బస్టాండుకు వెళ్లడం అలవాటు. పోయిన నెల ఒకరోజు టీ గ్లాసు ముట్టలేదు. ఏమైందే అంటే, "నేను బండి అడిగినా చిన్నమ్మా. నాయన అది మొగపిల్లల బండి అన్నాడు" అంది.

అడిగింది స్కూటరు కాదు లెండి. యమహా ఆర్‌15!

మొగపిల్లల బండి అని ఎక్కడ రాసుందో చూద్దామని ఆ బండి వివరాల కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఈ బండి మన దేశంలో 2008లో వచ్చింది. అప్పుడు 149.8 సీసీ. 2018లో వచ్చిన మూడో రకం నుంచి 155 సీసీ. సీసీ అంటే ఇంజను సిలిండరులో పిస్టన్‌ కదిలే చోటు. మన లెక్కలో చెప్పాలంటే ఒక కాఫీ గ్లాసంత. సిలిండరు అడ్డుకొలత 57 మిల్లీమీటర్ల నుంచి 58 అయింది, అంతే. ఆ ఒక్క మిల్లీమీటరుకే అయిదు సీసీలు పెరిగాయి.

2021లో వచ్చిన నాలుగో రకానికి శక్తి 18.4 పీఎస్. బావ ఇప్పటికీ కథలుగా చెప్పుకునే ఆర్‌ఎక్స్ 100 (1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైంది) దాదాపు పదకొండు గుర్రాల బండి. అదెక్కి తిరిగిన మనిషి కూతురికి వద్దంటే ఎలా చెప్పండి! కాకపోతే ఒక మెలిక ఉంది. ఆ 18.4 అంతా బయటికి వచ్చేది ఇంజను నిమిషానికి పదివేల చుట్లు తిరిగినప్పుడే. 7,400 చుట్ల దగ్గర వాల్వులు తెరుచుకునే పద్ధతి మారుతుంది. గ్యాసుపొయ్యిని సిమ్ములోంచి పెద్దమంటకు తిప్పినట్టన్నమాట. ఊళ్లో నలభైలో పోయేవాళ్లకు పెద్దమంటతో పనే పడదు. పనిపడాలని చూసేవాళ్లతోనే భయం.

నాకు నచ్చినవి రెండున్నాయి. ఒకటి క్లచ్. లివరు తేలిగ్గా నొక్కేలా, గేరు టక్కున తగ్గించినా వెనకచక్రం ఎగిరిపడకుండా చేశారు. రెండోది బ్రేకులు. ముందు 282, వెనక 220 మిల్లీమీటర్ల డిస్కులు, రెంటికీ ఏబీఎస్. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుని జారకుండా ఇది చూసుకుంటుంది. రోడ్డుకు అడ్డంగా బర్రె వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

అసలు తగువు సీటు దగ్గర వచ్చింది. నేల నుంచి ఎత్తు 815 మిల్లీమీటర్లు, అంటే 32 అంగుళాలు. మామూలు స్కూటర్లకు 765 దగ్గర ఉంటుంది. బరువు 142 కిలోలు. పిల్లను చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి, కాళ్ల మధ్య అట్టపుస్తకం పెట్టి, పుస్తకం పైఅంచు నుంచి నేలదాకా టేపుతో కొలిచాను. 28 అంగుళాలు!

"తమ్ముడు అడిగింటే ఇట్లే కొలిచేదానివా చిన్నమ్మా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. కొలిచేదాన్ని కాదు. ఎన్ని లక్షలవుతుందని మాత్రం అడిగేదాన్ని. వాడిది కూడా పొట్టి కాలే మరి.

మర్నాడు ఇద్దరం షోరూముకు వెళ్లాం. సీటు ముందువైపు సన్నగా ఉండడంవల్ల నేను భయపడినంత లేదు. ముందుకు జరిగి కూర్చుంటే రెండు మునివేళ్లూ ఆనాయి. కొంచెం పక్కకు వాలి ఒక పాదం పూర్తిగా ఆనించింది. అంత బరువును ఒంటికాలి మీద ఆపడం మాత్రం నేర్చుకోవాల్సిన పనే.

ఇక వెనక కూర్చునే మనలాంటివాళ్ల సంగతి. 2011 రకం నుంచి సీటు రెండు ముక్కలైంది, వెనకది అటకలాగా పైకి ఉంటుంది. ఒకే సీటుండే ఆర్‌15ఎస్ అనే రకాన్ని 2015లో ఒకసారి, 2021లో ఒకసారి కంపెనీయే వదిలింది. అంటే ఈ ఇబ్బంది వాళ్లకూ తెలుసు. చీర కట్టుకుని ఒకవైపుకి కూర్చునే బండి కాదిది. చుడీదారు వేసుకుని, చున్నీ నడుముకు బిగించి, అటూఇటూ కాళ్లు వేసుకుని కూర్చోవాలి, తలమీద హెల్మెట్టుతో సహా. వెనకచక్రంలో సగమైనా మూసే కాపు, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకునే మెట్టు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. కుర్రకారు బండి కొన్న వారంలోనే అందం చెడిందని ఆ చీరగార్డు ఊడబీకించేస్తారు. మీ ఇంట్లో ఎవరైనా ఆ పనిచేస్తే తిరిగి బిగించేదాకా అన్నం పెట్టకండి.

ఈ మాటలన్నీ బావకు ఫోనులో చెప్పాను. ఆర్‌ఎక్స్ మాట ఎత్తేసరికి నవ్వాడు. కొంటాననలేదు, మొగపిల్లల బండి అనీ మళ్లీ అనలేదు. "ముందు గేర్ల బండి లైసెన్సు తెచ్చుకోమను" అన్నాడు.

ఇప్పుడు మా ఆయన పాత బండి మీద సాయంత్రాలు మైదానంలో నేర్చుకుంటోంది. క్లచ్ వదిలిన ప్రతిసారీ బండి గక్కున ఆగిపోతోంది. గట్టున టీ ఫ్లాస్కుతో నేను.