క్యాన్సర్ కోసం తీసిన సీటీ స్కాన్‌లోనే సీఓపీడీ జాడ.. రిపోర్టులో ఆ ఒక్క లైన్ చూశారా?

ఛాతీ సీటీ స్కాన్ రిపోర్టు చేతికి రాగానే క్యాన్సర్ పేషెంట్ అయినా, ఇంట్లోవాళ్లయినా ముందు వెతికేది ఒక్కటే. గడ్డ ఎంతుంది? పెరిగిందా, తగ్గిందా? అది తెలిస్తే చాలు, ఫైలు మూసేస్తారు. కానీ కొందరి రిపోర్టుల్లో మధ్యలో ఎక్కడో 'ఎంఫిసెమటస్ ఛేంజెస్' అని ఓ చిన్న లైన్ ఉంటుంది. దాని గురించి డాక్టర్‌ను అడిగేవాళ్లు చాలా తక్కువ. ఆ లైన్‌కు అర్థం.. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్‌తో సంబంధం లేకుండా మరో డ్యామేజీ కూడా జరుగుతోందని.

ఆ డ్యామేజీ చాలాసార్లు సీఓపీడీకి దారితీస్తుంది. ఈ జబ్బులో గాలి గొట్టాలు ఇరుకైపోతాయి, చివర్లో ఉండే గాలి గదుల గోడలు చితికిపోతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. ఒకసారి పాడైన భాగం మళ్లీ మామూలు కాదు. మన దేశంలో 2016 నాటికే 5.53 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా.

క్యాన్సర్ పేషెంట్లలో ఇది ఎందుకు ముఖ్యమంటే.. రెండింటికీ పెద్ద కారణం ఒకటే, పొగ. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లలో సుమారు 40 నుంచి 70 శాతం మందికి సీఓపీడీ కూడా ఉంటుందని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. అయినా చాలామందికి ఆ సంగతే తెలియదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందంటే.. కీమో వల్లేమో, రక్తం తగ్గిందేమో, నీరసమేమో అని సరిపెట్టుకుంటారు. ఇన్‌హేలర్‌తో తగ్గే ఆయాసాన్ని కూడా క్యాన్సర్ ఖాతాలో వేసేస్తారు. అసలు నష్టం అక్కడే.

స్కాన్‌లో ఎలా తెలుస్తుంది?

సీటీ స్కాన్ అంటే ఫొటో ఒక్కటే కాదు, అంకెలు కూడా. ఒక్కో చుక్కకూ సాంద్రతను బట్టి ఓ అంకె ఉంటుంది. సీటీని కనిపెట్టి 1979లో నోబెల్ అందుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే వాటిని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటారు. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. గాలి నిండా పీల్చి తీసిన స్కాన్‌లో మైనస్ 950 కంటే కిందికి పోయిన చుక్కలుంటే, అక్కడ ఊపిరితిత్తి కణజాలం పోయి ఖాళీ గాలి మిగిలిందని లెక్క. కొత్త స్పాంజికీ, రంధ్రాలు కలిసిపోయి పెద్ద పెద్ద బొక్కలు పడ్డ పాత స్పాంజికీ ఉన్న తేడా అది. మొత్తం ఊపిరితిత్తుల్లో అలాంటి చుక్కలు ఎంత శాతమో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. గాలి వదిలాక తీసిన స్కాన్ కూడా ఉంటే, లోపల ఇరుక్కుపోయిన గాలి ఎంతో కూడా తెలుస్తుంది.

దీన్ని పెద్ద స్థాయిలో పరీక్షించింది నెదర్లాండ్స్ డాక్టర్లు. 'నెల్సన్' అనే లంగ్ క్యాన్సర్ స్క్రీనింగ్ ట్రయల్‌లో, పొగ తాగే అలవాటు ఉన్న లేదా మానేసిన 1,140 మంది మగవాళ్ల స్కాన్లను తీసుకున్నారు. ఊదుడు పరీక్షలో వీళ్లలో 437 మందికి సీఓపీడీ ఉన్నట్టు తేలింది. స్కాన్, బరువు, పొగ అలవాటు లాంటి వివరాలతో వేసిన లెక్క వాళ్లలో 274 మందిని పట్టేసింది. జబ్బు లేని 85 మందికి మాత్రం ఉందని పొరపాటుగా చెప్పింది. 2011లో జామా జర్నల్‌లో ఇది వచ్చింది. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే.. వీళ్లు స్క్రీనింగ్‌కు వచ్చినవాళ్లు, అప్పటికే క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు కాదు.

ముందు ముందు ఏం జరగొచ్చో కూడా స్కాన్ కొంత చెబుతుంది. అమెరికాలోని సీఓపీడీజీన్ స్టడీ డేటాతో 2012లో ఓ సంగతి బయటపడింది. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పెద్ద రక్తనాళం పక్కనున్న బృహద్ధమని కంటే లావుగా కనిపిస్తే, ఆ సీఓపీడీ పేషెంట్ ఆయాసం ముదిరి ఆస్పత్రి పాలయ్యే ముప్పు ఎక్కువ. ఈ రెండు నాళాలూ మామూలు ఛాతీ సీటీలో కనిపించేవే.

మరి స్కాన్ ఒక్కటే చాలా?

చాలదు. సీఓపీడీని ఖాయం చేసేది స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష. మందు పీల్చాక ఊదినప్పుడు మొదటి సెకనులో వచ్చిన గాలి, మొత్తం ఊదిన గాలిలో 70 శాతం కంటే తక్కువుంటే సీఓపీడీ అనుకుంటారు. స్కాన్‌లో డ్యామేజీ కనిపించినా ఊదుడు పరీక్ష నార్మల్‌గా వచ్చేవాళ్లు ఉంటారు. వీళ్ల మీద ఓ కన్నేసి ఉంచాలి. దానికి తిరగేసి.. స్కాన్ బాగున్నా గొట్టాలు ఇరుకైనవాళ్లూ ఉంటారు.

ఈ రెండో రకం మనకు చాలా ముఖ్యం. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి దగ్గర వండిన ఆడవాళ్లకు సిగరెట్ ముట్టకపోయినా సీఓపీడీ వస్తుంది. కానీ వాళ్లలో గాలి గదులు చితకడం కంటే గొట్టాల ఇబ్బందే ఎక్కువని మెక్సికోలో మహిళలపై జరిగిన అధ్యయనంలో తేలింది. కాబట్టి మైనస్ 950 లెక్క ఒక్కటే చూస్తే, బ్రెస్ట్ క్యాన్సర్‌కు వైద్యం తీసుకుంటున్న ఓ పల్లెటూరి అమ్మ జబ్బు దొరక్కపోవచ్చు. పైగా క్యాన్సర్ స్కాన్లు ఎక్కువగా గాలి పీల్చి తీసినవే. కాంట్రాస్ట్ మందు ఎక్కించినా, మెషీన్ మారినా అంకెలు అటూ ఇటూ అవుతాయి. రేడియేషన్ తర్వాత వచ్చే మచ్చలు, బ్లియోమైసిన్ లాంటి మందుల వల్ల వచ్చే ఫైబ్రోసిస్ వేరే జబ్బులు. వాటినీ దీన్నీ కలపకూడదు.

తెలిస్తే ఏంటి లాభం?

ఆపరేషన్ ఉన్నవాళ్లకు లాభం ఎక్కువ. ఊపిరితిత్తిలో ఓ భాగం తీసేస్తే మిగిలినదాంతో శ్వాస సరిపోతుందా అనేది డాక్టర్లు ముందే లెక్క వేస్తారు. కొన్నిసార్లు తీసేసే భాగమే బాగా చితికి ఉంటే, అనుకున్నంత నష్టం కూడా ఉండదు. మిగతావాళ్లకు ఇన్‌హేలర్లు, శ్వాస వ్యాయామాలు, ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఉన్నాయి. పొగ మానడం అన్నిటికంటే ముందు. క్యాన్సర్ వచ్చాక ఇంకెందుకులే అనుకోవడం తప్పు.

సీఓపీడీ కోసమని కొత్తగా స్కాన్ తీయించుకోవాల్సిన పనిలేదు, రేడియేషన్ దండగ. ఉన్న రిపోర్టులో 'ఎంఫిసీమా', 'ఎయిర్ ట్రాపింగ్', 'బ్రాంకియల్ వాల్ థికెనింగ్' అనే మాటలుంటే ఆంకాలజిస్ట్‌కు చూపించి, స్పైరోమెట్రీ చేయించాలా అని అడగండి. ఈమధ్యే ఆపరేషన్ అయినా, దగ్గితే రక్తం పడుతున్నా ఆ సంగతి ముందే చెప్పాలి. అప్పుడు ఊదుడు పరీక్షను వాయిదా వేస్తారు.