గుంజాల అక్షరాలు మీ లినక్స్‌లో డబ్బాలుగా కనిపిస్తున్నాయా?

ఎవరో పంపిన మెసేజ్ ఓపెన్ చేశారు. అక్షరాల బదులు వరుసగా ఖాళీ డబ్బాలు. ‘ఇదేంది, ఫోన్ గానీ పాడైందా?’ అనుకుంటాం. ఏమీ కాలేదు. ఆ లిపికి కావాల్సిన ఫాంట్ అందులో లేదు, అంతే! ఈ డబ్బాలకు కంప్యూటర్ వాళ్లు పెట్టిన ముద్దుపేరు ‘టోఫు’. ‘నో టోఫు’ అన్న మాట నుంచే గూగుల్ తన ఫాంట్లకు ‘నోటో’ అని పేరు పెట్టింది.

ఆ నోటో కుటుంబంలో మన ఉట్నూర్ పక్క ఊరి పేరు కూడా ఉంది తెలుసా? ‘నోటో సాన్స్ గుంజాల గోండి’.

నార్నూర్ మండలంలోని గుంజాలలో 2006 ప్రాంతంలో పాత గోండి రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు బృందం వాటి మీద పనిచేసింది. 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11.0లో ఈ లిపికి చోటు దక్కింది. మొత్తం 63 అక్షరాలు, గుర్తులు. అంతకు ఏడాది ముందే మసరం గోండి అనే మరో గోండి లిపి కూడా యూనికోడ్‌లో చేరింది.

నంబర్ వస్తే సరిపోదు

యూనికోడ్ ఇచ్చేది ఒక్కో అక్షరానికి ఒక నంబర్ మాత్రమే. దాని రూపం ఫాంట్‌లో ఉండాలి. గుణింతం గుర్తు ఎక్కడ కూర్చోవాలి, ఒత్తు ఎలా కలవాలి అన్నది హార్ఫ్‌బజ్ లాంటి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. టైప్ చేయాలంటే కీబోర్డ్ కావాలి. ఇవన్నీ మీ కంప్యూటర్ దాకా రావాలంటే ఎవరో ఒకరు ప్యాకేజీ కట్టాలి.

ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి తెస్తే తేమ చూస్తారు, తూకం వేస్తారు, ఆ తర్వాతే కొంటారు. లినక్స్‌లో ప్యాకేజర్ చేసే పని కూడా అలాంటిదే. లైసెన్స్ సరిగ్గా ఉందా, ఇంకే సాఫ్ట్‌వేర్ మీదైనా ఆధారపడుతుందా, వేరేదాన్ని పాడు చేస్తుందా అని చూసి తమ పద్ధతిలో కడతారు. నోటో ఫాంట్లకు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉంది కాబట్టి ఎవరైనా తీసుకుని పంచొచ్చు.

చిక్కేమిటంటే, యార్డు ఒక్కటి కాదు. డెబియన్, ఉబుంటుల్లో ఈ ఫాంట్ ‘ఫాంట్స్-నోటో-కోర్’ అనే పెద్ద మూటలో ఎన్నో లిపులతో కలిసి వస్తుంది. ఫెడోరాలో గుంజాల గోండికి విడిగా ప్యాకేజీ ఉంది. ఆర్చ్‌లో ‘నోటో-ఫాంట్స్’ అని వెతకాలి. తొవ్వలు వేరు కాబట్టి వేగమూ వేరే. ఫాంట్‌లో ఒక తప్పు సరిచేస్తే ఆర్చ్‌కు త్వరగానే చేరొచ్చు. ఫెడోరా సుమారు ఆరు నెలలకో కొత్త వెర్షన్ తెస్తుంది. డెబియన్ స్టేబుల్‌లో అయితే రెండేళ్లకోసారి వచ్చే కొత్త విడుదల దాకా ఆగాల్సి రావచ్చు.

తప్పు ఉందని చెప్పేదెవరు?

2018 ఫిబ్రవరి గుర్తుందా? తెలుగులో ‘జ్ఞా’ కూర్పు ఒకటి వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యేవి. ప్రపంచమంతా గోల చేసింది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది.

మరి గుంజాల లిపిలో ఒక ఒత్తు తప్పుగా పడితే? ఫోన్ క్రాష్ కాదు, ఎవరూ గోల చేయరు. ఎక్కడో కూర్చున్న ప్యాకేజర్‌కు ఆ లిపి చదవడం రాదు. చదవగలిగిన పెద్దమనిషి దగ్గర లినక్స్ ఉండదు. ఆ తప్పు అలాగే ఉండిపోతుంది. రేపు పిల్లలు తెర మీద చూసి అదే సరైన రూపం అనుకునే ప్రమాదం ఉంది.

తెలుగుకు ఈ మధ్యవర్తి పని చేసినవాళ్లు దొరికారు. తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా అందుబాటులోకి రావడం వల్లే ఈరోజు డెబియన్‌లో ప్యాకేజీగా ఉన్నాయి. గోండికి కూడా అలాంటివాళ్లు కావాలి.

కోడింగ్ రాకపోయినా పర్లేదు

మొదట ఫాంట్ ఇన్‌స్టాల్ చేసి నాలుగు మాటలు తెర మీదికి తెచ్చుకోండి. లిపి తెలిసిన పెద్దలతో అవే మాటలు కాగితం మీద రాయించండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే ఫొటో, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

తర్వాత ఫాంట్ తాజా వెర్షన్‌తో మళ్లీ చూడండి. అందులోనూ తప్పుంటే గిట్‌హబ్‌లో నోటో వాళ్లకు చెప్పాలి. తాజా వెర్షన్‌లో సరిగ్గా ఉండి, మీ లినక్స్‌లో మాత్రమే తప్పుంటే అది పాత ప్యాకేజీ సమస్య. డెబియన్‌కైతే ‘రిపోర్ట్‌బగ్’ ద్వారా, ఫెడోరాకైతే బగ్‌జిల్లాలో రాయాలి. ఎవరికి చెప్పాలో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇంకాస్త ఆసక్తి ఉంటే కీబోర్డ్ లేఅవుట్ చూడండి. లినక్స్‌లో అది మామూలు టెక్స్ట్ ఫైలే. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో రాసి ఉంటుంది, అంతే. డెబియన్‌లో కొత్త ప్యాకేజీ మీరే కట్టినా అప్‌లోడ్ చేసే అధికారం వెంటనే రాదు. అనుభవం ఉన్న డెవలపర్ ఒకరు పరిశీలించి మీ తరఫున పంపుతారు. తప్పులుంటే తిప్పి పంపుతారు. దానికి చిన్నబోవద్దు, అందరూ అలాగే నేర్చుకుంటారు.

ఉట్నూర్‌లో ఉన్న మీకు ఒక సౌకర్యం ఉంది. ఏ పెద్ద కంపెనీ ఇంజినీర్‌కూ దొరకని గురువులు మీకు బస్సు దూరంలో ఉన్నారు. వాళ్లు ఉండగానే అడిగి రాయించుకోండి. ఈ ఆదివారం ఖాళీయేనా?