ముంతలో నీళ్ళు - మబ్బులో నీళ్ళు

పాఠ్యభాగ ఉద్దేశం: చేతికి అందిన అవకాశాన్ని నిలుపుకోవడమా, అంతకన్న మేలైన దాని కోసం మళ్ళీ ప్రయత్నించడమా అనే సందిగ్ధం ఎదురైనప్పుడు వివేకంతో నిర్ణయం తీసుకొనే విధానాన్ని వైద్యవిద్యా ప్రవేశాల ఆధారంగా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నీటి విలువ తెలిసిన సీమ రాయలసీమ. ‘మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్లు’ అనే సామెత తెలుగువారందరిదీ అయినా, దాని బరువు ఈ నేల మీద పుట్టి పెరిగినవారికి మరింత బాగా తెలుస్తుంది. కురుస్తుందో కురవదో తెలియని వానను నమ్మి ఉన్న నీటిని పారబోసుకోవడం అవివేకం. అయితే ముంతలో నీళ్ళున్నాయి గదా అని మబ్బు వైపు కన్నెత్తి చూడకపోవడం కూడ వివేకం అనిపించుకోదు. మబ్బును గమనించిన రైతే అదను తప్పకుండా విత్తనం వేయగలుగుతాడు. ఉన్నదానిని కాపాడుకుంటూనే రాబోయేదానిని ఆశించడం ఎంతవరకు ఉచితం? ఇంటర్మీడియట్ ముగించి వైద్యవిద్యలో అడుగుపెట్టే విద్యార్థికి ఈ ప్రశ్న ఒక నిర్దిష్టమైన రూపంలో ఎదురవుతుంది. ఒక కళాశాలలో సీటు లభించిన తరువాత, మరొక కళాశాల కోసం ఇంకొక ఇంటర్వ్యూకు గాని, ఇంకొక విడత కౌన్సెలింగుకు గాని వెళ్ళాలా, వద్దా?

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల నాపరాళ్ళకు పేరు పొందిన పట్టణం. అక్కడి పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కార్మికుని కుమార్తె నీట్ పరీక్షలో మంచి ర్యాంకు సాధించిందని ఊహించుకొందాం. మొదటి విడతలో ఆమెకు నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు వచ్చింది. అది 2023లో ప్రారంభమైన కళాశాల, ఇంటికి దగ్గర. ఆమె మనస్సు మాత్రం 1957లో స్థాపితమైన కర్నూలు వైద్య కళాశాల మీద ఉంది. “దేవుడిచ్చిన సీటమ్మా, ఇంక అటూ ఇటూ చూడొద్దు” అని తండ్రి అంటాడు. “రెండో విడతకు పోతే తప్పేముంది బావా? ప్రయత్నం చేయనీ” అని మేనమామ అంటాడు. ఇద్దరూ ఆమె మేలు కోరినవారే. ఇద్దరి మాటలోనూ కొంత సత్యం ఉంది. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవాలంటే ముందుగా ఈ ప్రవేశాల తీరుతెన్నులను తెలుసుకోవాలి.

ఇంటర్వ్యూ నుండి కౌన్సెలింగు వరకు

ఒకప్పుడు మన దేశంలో వైద్య కళాశాలల ప్రవేశానికి మార్కులతో పాటు ఇంటర్వ్యూ కూడ ప్రధానంగా ఉండేది. 1970లో తమిళనాడుకు చెందిన పెరియకరుప్పన్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిలోని లోపాలను ఎత్తిచూపింది. ఆ ఎంపికలో ఇంటర్వ్యూకు 75 మార్కులు కేటాయించారు. ఒక్కొక్క అభ్యర్థికి లభించిన సమయం సగటున మూడు నిమిషాలు మాత్రమే! మూడు నిమిషాలలో ఒక యువకుని జీవితాన్ని తూచడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. కాలక్రమంలో వ్రాత పరీక్షకే ప్రాధాన్యం పెరిగింది. మన రాష్ట్రంలో 2016 వరకు ఎంసెట్ ర్యాంకు ఆధారంగా వైద్య కళాశాలల కన్వీనర్ సీట్లు నింపారు. ఆ తరువాత నీట్ ఆ స్థానాన్ని ఆక్రమించింది.

సొంత పద్ధతులను పాటించిన సంస్థలూ లేకపోలేదు. వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల తన సొంత పరీక్షలతోను, ఇంటర్వ్యూతోను విద్యార్థులను ఎంపిక చేసుకొనేది. 2017లో నీట్ ద్వారానే ప్రవేశాలు జరపాలన్న నిబంధన వచ్చినప్పుడు, ఆ కళాశాల ఆ సంవత్సరం తనకున్న 100 ఎం.బి.బి.ఎస్. సీట్లలో ఒక్కదానిని మాత్రమే నింపింది. ఎయిమ్స్, జిప్మర్ సంస్థలు 2019 వరకు వేరువేరుగా పరీక్షలు నిర్వహించాయి. 2020 నుండి అవి కూడ నీట్ పరిధిలోకి వచ్చాయి. అందువల్ల నేటి విద్యార్థికి ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు. కాని ఆ ర్యాంకును పట్టుకొని నడవవలసిన దారులు మాత్రం ఒకటి కాదు.

నియమం చెప్పే మాట

రాష్ట్ర ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు చెందుతాయి. వాటి కౌన్సెలింగును కేంద్ర ప్రభుత్వపు మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ నిర్వహిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర కోటా సీట్ల భర్తీని విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం చేపడుతుంది. బేతంచెర్ల విద్యార్థి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతానికి స్థానికుడవుతాడు కనుక, కర్నూలు, కడప, అనంతపురం, తిరుపతి, నంద్యాల వంటి చోట్ల ఉన్న కళాశాలలలో అతనికి స్థానిక రిజర్వేషను వర్తిస్తుంది. ఆప్షన్లను కంప్యూటర్ ద్వారా నమోదు చేసే ఈ పద్ధతిలో ముఖాముఖి సంభాషణ లేదు. అయినా ‘మళ్ళీ వెళ్ళాలా?’ అన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచి ఉంది.

ఇంటర్వ్యూకు, కౌన్సెలింగుకు మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఇంటర్వ్యూ పద్ధతిలో రెండవ కళాశాల పిలుపుకు వెళ్ళివచ్చినంత మాత్రాన మొదటి సీటు పోదు. రెండు ఆమోదాలనూ ఎదుట ఉంచుకొని పోల్చుకొనే వ్యవధి ఉంటుంది. కౌన్సెలింగులో ఆ వెసులుబాటు లేదు. మొదటి విడతలో వచ్చిన సీటులో చేరి, మరింత మెరుగైన సీటు కోసం రెండవ విడతలో పాల్గొన్న విద్యార్థికి పై ఆప్షను లభిస్తే, మొదటి సీటు తనంతట తానే రద్దయి మరొకరికి వెళ్ళిపోతుంది. ‘ఈ కొత్త సీటు నాకు నచ్చలేదు, పాతదే ఇవ్వండి’ అని అడిగే హక్కు లేదు. కొత్తది రాకపోతే మాత్రం పాతది భద్రంగా ఉంటుంది.

ఈ ఒక్క నియమాన్ని గ్రహిస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. రెండవ విడతకు వెళ్ళడం వల్లనే ప్రమాదం రాదు. ఆలోచించకుండా ఆప్షన్లు పెట్టడం వల్ల వస్తుంది. బేతంచెర్ల బాలిక నంద్యాల కన్న నిజంగా మేలనుకొన్న కళాశాలల పేర్లను మాత్రమే నమోదు చేస్తే ఆమె ముంతలోని నీరు ఒలకదు. ‘రాదులే, ఒకసారి పెట్టి చూద్దాం’ అని ఎక్కడో దూరాన ఉన్న కళాశాల పేరు చేర్చితే, వచ్చేది ఆ సీటే కావచ్చు. అప్పుడు ‘ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె’ అన్న సామెత తప్ప మరేమీ మిగలదు.

విడతలు గడిచే కొలది నిబంధనలు బిగుసుకుంటాయి. అఖిల భారత కోటాలో మొదటి విడతలో వచ్చిన సీటును నష్టం లేకుండా వదులుకోవచ్చు. రెండవ విడత సీటును కాదంటే ధరావతు సొమ్ము కోల్పోవలసి రావచ్చు. మూడవ విడతలో చేరినవారికి రాజీనామా చేసే అవకాశం ఉండదు. ఈ నిబంధనలను ఏటా ప్రకటిస్తారు గనుక, అన్నలో అక్కలో చెప్పిన పాత అనుభవాన్ని నమ్ముకోక, ఆ సంవత్సరపు ప్రకటనను ఆమూలాగ్రం చదవడం విద్యార్థి కర్తవ్యం.

ఏది మేలు?

‘మేలైన కళాశాల’ అన్నప్పుడు ఏ దృష్టితో మేలు అన్నది తేల్చుకోవాలి. కర్నూలు కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు అనేక ప్రాంతాల నుండి రోగులు వస్తారు. వైద్య విద్యార్థికి పుస్తకం ఒక గురువైతే, రోగి మంచం రెండవ గురువు. అందువల్ల పాత కళాశాల మీది ఆశ అకారణం కాదు. మరొక వైపు, నంద్యాలలో చదివినా, కర్నూలులో చదివినా చేతికి వచ్చే పట్టా ఒకే విశ్వవిద్యాలయానిది. నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్ రెండు చోట్లా సమానమే. ఇక ఫీజు, వసతిగృహం, రాకపోకల ఖర్చు, ఇంటి పరిస్థితి - వీటిని ఒక్కొక్క కుటుంబం తనకు తానుగా లెక్క వేసుకోవలసిందే. పేరు కోసం పెట్టే పరుగు వేరు, ప్రయోజనం కోసం వేసే అడుగు వేరు. కఠోపనిషత్తులో యముడు నచికేతునికి బోధించిన శ్రేయస్సు, ప్రేయస్సుల భేదం ఇక్కడ కూడ వర్తిస్తుంది. మనస్సుకు అప్పటికి ఇంపుగా తోచేది ప్రేయస్సు. తుదకు మేలు చేకూర్చేది శ్రేయస్సు.

విదేశాలలో

ఇంటర్వ్యూ పద్ధతి నేటికీ బలంగా ఉన్న దేశం అమెరికా. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు వైద్యవిద్య కోసం ఒకేసారి అనేక కళాశాలలకు దరఖాస్తు చేస్తారు. సీట్ల ఆమోదాలు సాధారణంగా అక్టోబరు మధ్య నుండి మొదలవుతాయి; ఇంటర్వ్యూలు ఆ తరువాత కూడ నెలల తరబడి సాగుతాయి. కనుక ఒక సీటు చేతిలో ఉండగానే మరొక ఇంటర్వ్యూకు పిలుపు రావడం అక్కడ సర్వసాధారణం. అక్కడి వైద్య కళాశాలల సంఘం ఇందుకు కొన్ని మర్యాదలను ఏర్పరచింది. విద్యార్థి ఎక్కువ ఆమోదాలను అట్టిపెట్టుకోక, ఏప్రిల్ 30 నాటికి తాను చేరదలచిన ఒక కళాశాలను ఎన్నుకొని, తక్కినవాటిని వదులుకోవాలని అవి సూచిస్తాయి. బ్రిటన్‌లో వైద్యవిద్యకు నాలుగు కళాశాలలకు మించి దరఖాస్తు చేయడానికే వీలులేదు. పద్ధతులు వేరైనా సారాంశం ఒక్కటే: వెదకడానికి స్వేచ్ఛ ఉంది, పట్టుకొని కూర్చోవడానికి హద్దు ఉంది.

సీటు వెనుక నిలిచినవారు

ఆ హద్దు ఎందుకు? మనం వదలని ప్రతి సీటు వెనుక, మనం నింపిన ప్రతి ఇంటర్వ్యూ స్థానం వెనుక, మనకు తెలియని మరొక విద్యార్థి నిలిచి ఉంటాడు. సమయానికి వదిలిన సీటు అతనికి చేరుతుంది. గడువు దాటిన సీటు ఎవరికీ చెందక వృథా అవుతుంది. 2021 నీట్ పి.జి. కౌన్సెలింగు ముగిసేసరికి 1,456 సీట్లు ఖాళీగా మిగిలాయి. వాటికి కారణాలు అనేకం. వాటిని నింపడానికి మరొక విడత జరపాలని కొందరు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. చదువు మొదలై ఎంతో కాలం గడిచిన తరువాత ప్రవేశాలు కొనసాగించడం వైద్యవిద్యా ప్రమాణాలకు హాని కలిగిస్తుందని భావించి, 2022 జూన్‌లో న్యాయస్థానం ఆ కోరికను తిరస్కరించింది. ఒలికిన నీటిని తిరిగి ముంతలోకి ఎత్తడం ఎవరి తరమూ కాదు.

మూడు ప్రశ్నలు

కాబట్టి సీటు పొందిన విద్యార్థి మరొక ప్రయత్నానికి ముందు తనను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది: రెండవ కళాశాల పిలిచి సీటు ఇస్తే నేను నిజంగా చేరుతానా? చేరనన్నది సమాధానమైతే, ఆ ప్రయత్నం కేవలం తన గొప్పను పరీక్షించుకోవడమే అవుతుంది, మానుకోవాలి. రెండవది: ఈ ప్రయత్నంలో నా చేతిలోని సీటుకు ఏమవుతుంది? దీనికి సమాధానం ఊహలో కాక నియమంలో వెదకాలి. మూడవది: నాకు అక్కరలేదని తేలిన సీటును నేను ఎంత త్వరగా వదులుతాను? మొదటి రెండు ప్రశ్నలు మన మేలుకు సంబంధించినవి. మూడవది తోటివారి మేలుకు సంబంధించినది. రేపు రోగి ప్రాణాన్ని తన ప్రాణంగా చూడవలసిన వైద్యునికి ఈ మూడవ ప్రశ్న తొలి పాఠం.

బేతంచెర్ల బాలిక తండ్రి మాటనూ కాదనలేదు, మేనమామ మాటనూ త్రోసిపుచ్చలేదు. నంద్యాల సీటులో చేరింది. రెండవ విడతలో కర్నూలు కళాశాల పేరు ఒక్కటే నమోదు చేసింది. అది వస్తే ఆమె నంద్యాల సీటు మరొక ఇంటిలో దీపమవుతుంది. రాకపోతే నంద్యాలలోనే ఆమె చదువు సాగుతుంది. ఫలితం ఇంకా వెలువడలేదు. అయినా ఆ రాత్రి ఆ ఇంటిలో అందరూ నిశ్చింతగా నిద్రపోయారు. ముంత నిండుగానే ఉంది; మబ్బు వైపు చూపూ ఉంది.

ప్రశ్నలు

1. ఇంటర్వ్యూ పద్ధతికి, కౌన్సెలింగు పద్ధతికి గల భేదాన్ని వివరించండి.
2. సీటు పొందిన విద్యార్థి వేసుకోవలసిన మూడు ప్రశ్నలేవి? వాటి ప్రాధాన్యాన్ని తెలపండి.
3. ‘మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్లు’ అనే సామెత ఈ పాఠానికి ఎలా అన్వయిస్తుందో రాయండి.
4. మీకు ఎదురైన ఒక సందిగ్ధ సందర్భాన్ని, మీరు తీసుకొన్న నిర్ణయాన్ని సొంత మాటలలో రాయండి.